ట్రాక్ కోసం లోటస్ ఎలీజ్: రోవర్ ఇంజనా, టొయోటా ఇంజనా, సూపర్‌ఛార్జరా?

తేలికబండి (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. వాడిన లోటస్ ఎలీజ్ ఒకటి కొని ప్రధానంగా ట్రాక్ మీదే నడపాలని నిశ్చయించుకున్నాను. అయితే ఏ రకం కొనాలన్నదే తేలడం లేదు. ఇంగ్లండ్‌లోని హెథెల్‌లో 1996లో మొదలై 2021లో తయారీ ఆగేవరకు ఈ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు పునాది ఒక్కటే. అల్యూమినియం కమ్మీలను ప్రత్యేకమైన జిగురుతో అతికించి చేసిన ఆ చాసిస్ (కారు చట్రం) తొలి కార్లలో దాదాపు 68 కిలోలే తూగేది. నడిపేవారి వెనుక ఏ ఇంజను కూర్చుందన్నదాన్ని బట్టి మాత్రం కారు స్వభావం మారిపోతూ వచ్చింది.

నా ముందు మూడు దారులున్నాయి. మొదటిది రోవర్ కె-సిరీస్ 1.8 లీటర్ల ఇంజనున్న మొదటి తరం ఎలీజ్: 118 హార్స్‌పవర్, సుమారు 725 కిలోలు. రెండోది 2004లో వచ్చిన రెండో తరం ఎలీజ్ 111ఆర్: టొయోటా ఇంజను, 189 హార్స్‌పవర్, సుమారు 860 కిలోలు. మూడోది ఎలీజ్ ఆధారంగానే చేసిన 2006 నాటి ఎక్సీజ్ ఎస్: అదే టొయోటా ఇంజనుకు గాలిని నొక్కి పంపే సూపర్‌ఛార్జర్ జోడించి 218 హార్స్‌పవర్ రాబట్టారు, బరువు సుమారు 935 కిలోలు, పైన గట్టి కప్పు, వెనుక రెక్క అదనం.

నా మొగ్గు మూడోదాని వైపే ఉంది. శక్తి ఎక్కువ, గాలి ఒత్తిడి కారును నేలకు అదిమి పట్టే ఏర్పాటు కంపెనీయే చేసి ఇచ్చింది, తక్కువ వేగంలోనూ ఇంజను లాగుతుంది. ఈ ఆలోచనలో లోపముంటే నిర్మొహమాటంగా చెప్పగలరు.

పాతరోవర్

తేలికబండి గారూ, మీ అంకెలనే ఇంకో రకంగా పేర్చి చూడండి. హార్స్‌పవర్‌ను బరువుతో భాగిస్తే టన్నుకు మొదటి తరానికి 163, 111ఆర్‌కు 220, ఎక్సీజ్ ఎస్‌కు 233 వస్తాయి. ఈ లెక్క చూసినవారెవరైనా రోవర్ కారును పక్కన పెట్టేస్తారు. టార్క్‌ను, అంటే ఇంజను తిప్పే బలాన్ని కూడా అలాగే భాగించండి. రోవర్ ఇంజను 165 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 3000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గరే ఇస్తుంది, అంటే టన్నుకు 228. 111ఆర్ ఇచ్చేది 181, అదీ 6800 దాకా తిప్పితే, టన్నుకు 210. ఎక్సీజ్ ఎస్ ఇచ్చే 215 కూడా టన్నుకు 230 దగ్గరే ఆగుతుంది. మలుపు మధ్యలోంచి బయటపడుతూ యాక్సిలరేటర్ నొక్కే సమయంలో రోవర్ కారు ఆ సూపర్‌ఛార్జర్ కారుకు ఏ మాత్రం తీసిపోదన్నమాట.

ఇక బరువు. ట్రాక్ మీద బరువు ప్రభావం వేగం పెంచుకోవడంలో కంటే వేగం తగ్గించుకోవడంలోనే ఎక్కువగా తెలుస్తుందని నేను నమ్ముతాను. మొదటి తరం ఎలీజ్‌కు పాదం బలాన్ని పెంచే బ్రేక్ సర్వో లేదు, చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. పాదం ఎంత బలం పెడితే ప్యాడ్లు అంతే బలంగా డిస్కును పట్టుకుంటాయి, టైరు జారబోయే ముందు వచ్చే సన్నని వణుకు పెడల్ మీద స్పష్టంగా తెలుస్తుంది. నేర్చుకునేవారికి ఇంతకు మించిన గురువు లేదు. ఒక్క జాగ్రత్త చెబుతాను. తొలినాటి కార్లలో సిరామిక్ కణాలు కలిపిన అల్యూమినియం డిస్కులు ఉండేవి. చాలావాటికి తర్వాత ఇనుప డిస్కులు వేశారు. మీరు చూసే కారుకు ఏవి ఉన్నాయో ముందే తెలుసుకోండి, ఎందుకంటే ఆ పాత డిస్కులకు సరిపడే ప్యాడ్లు వేరు.

క్యామ్6200

పాతరోవర్ గారి లెక్కలో అంకెలు సరిగ్గానే ఉన్నాయి, వాటి నుంచి తీసిన తీర్పుతోనే నాకు పేచీ. చక్రానికి చేరేది ఇంజను టార్క్ కాదు, గేర్లు గుణించి పంపిన టార్క్. 8500 వరకు తిరగగల ఇంజను, ముందే అలసిపోయే ఇంజనుకు పైగేరు తప్పని వేగంలో కూడా కిందిగేరులోనే ఉండగలదు కాబట్టి, చక్రం దగ్గర బలం దానిదే అవుతుంది. టన్నుకు 228, 210 అన్న పోలిక ఈ విషయాన్ని మరుగున పెడుతోంది.

టొయోటా, యమహా కలిసి రూపొందించిన ఈ 2జెడ్‌జెడ్ ఇంజనులో వాల్వులను తెరిచే క్యామ్‌లు రెండు రకాలున్నాయి. 6200 ఆర్‌పీఎమ్ దాటగానే పెద్ద క్యామ్‌లు పని అందుకుంటాయి. అక్కడి నుంచి ఇంజను వేరే ఇంజనే. కాబట్టి ట్రాక్ మీద 111ఆర్ నడపడమంటే ఆర్‌పీఎమ్ ముల్లు 6200 కిందికి పడకుండా చూసుకోవడమే. గేర్ల నిష్పత్తులు చూస్తే రెండోది 2.050, మూడోది 1.481, నాలుగోది 1.166. రెండో గేరులో 8200 దగ్గర మూడోదానికి మారిస్తే ముల్లు సుమారు 5900కు పడుతుంది, అంటే పెద్ద క్యామ్ చేజారి ఒక్క లిప్తపాటు కారు ఊపిరి బిగబట్టినట్టు అవుతుంది. మూడో గేరు నుంచి నాలుగోదానికి మారిస్తే మాత్రం 6450 దగ్గర ఆగుతుంది, బలం ఎక్కడా తెగదు. అందుకే మూడు, నాలుగు, ఐదు గేర్లతో సాగే వేగవంతమైన ట్రాక్‌లో ఈ కారు అద్భుతంగా పరుగెడుతుంది. రెండో గేరు మలుపులు ఎక్కువగా ఉన్న ఇరుకు ట్రాక్‌లో మాత్రం దాని లోపం బయటపడుతుంది. సూపర్‌ఛార్జర్ పూడ్చేది ఈ గుంటనే తప్ప కారును మరో స్థాయికి ఎత్తడం లేదు. హార్స్‌పవర్‌లో టన్నుకు 220కి, 233కి ఉన్న తేడా కోసం 75 కిలోల బరువును, ఒక సూపర్‌ఛార్జర్‌ను, దాని బెల్టును, అది పుట్టించే వేడిని మోయడం ఎంతవరకు సమంజసమో మీరే ఆలోచించండి.

ఈ ఇంజనుతో ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచి పెట్టడం న్యాయం కాదు. నాలుగో గేరు నుంచి ఐదోదానికి వెళ్లబోయి చేయి తప్పి మూడోదాంట్లో వేస్తే, ఇంజను వేగానికి హద్దు పెట్టే రెవ్ లిమిటర్ ఏమీ చేయలేదు. లిమిటర్ ఇంధనాన్ని ఆపగలదు కానీ చక్రాలే ఇంజనును తిప్పుతున్నప్పుడు ఆపలేదు. అలా పరిమితి దాటి తిరిగితే ముందుగా పగిలేది ఆయిల్ పంపు లోపలి గేరే. కొనే ముందు కారు కంప్యూటర్‌లో నమోదైన ఆర్‌పీఎమ్ చరిత్రను చదివించి చూడండి.

రెక్కబలం

పై ఇద్దరూ ఇంజను చుట్టూనే తిరుగుతున్నారు. ఎక్సీజ్‌ను ఎక్సీజ్‌గా చేసేది ఇంజను కాదు. రెండో తరం ఎలీజ్‌కు కంపెనీ ముందు 175, వెనుక 225 వెడల్పు టైర్లు వేసింది. మొదటి తరంలో ముందు 185, వెనుక 205 ఉండేవి. అంటే తరం మారేసరికి ముందు టైరు సన్నబడి, వెనుకది వెడల్పయింది. పట్టు తప్పితే ముందుభాగమే ముందు జారాలని, అనుభవం లేనివారి కారు గిర్రున తిరిగిపోకూడదని చేసిన ఏర్పాటు అది. రోడ్డు మీద అది మంచిదే, ట్రాక్ మీద అదే అండర్‌స్టీర్‌గా విసిగిస్తుంది. ఎక్సీజ్‌కు ముందు 195 టైరు వేసి ఆ లోటు చాలావరకు తీర్చారు.

సూపర్‌ఛార్జర్ వేడి గురించి వచ్చిన మాటకు కూడా సమాధానం చెప్పాలి. 2008లో వచ్చిన ఎలీజ్ ఎస్‌సీలో నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేదు. సూపర్‌ఛార్జర్ నొక్కి వేడెక్కించిన గాలి నేరుగా సిలిండర్లలోకి వెళుతుంది. వరుసగా ల్యాపులు తిరిగితే ఆ గాలి వేడి పెరుగుతూ పోయి, ఇంజనును కాపాడటానికి కంప్యూటర్ జ్వలన సమయాన్ని వెనక్కి జరుపుతుంది, శక్తి తగ్గుతుంది. ఎక్సీజ్ ఎస్‌లో మాత్రం కప్పు మీద ఉన్న గాలిగూడు ఇంజను పైనున్న ఇంటర్‌కూలర్‌కు చల్లని గాలిని చేరవేస్తుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. ఎలీజ్ ఎస్‌సీని ట్రాక్ కోసం కొనవద్దని నేనూ అంటాను. ఎక్సీజ్ ఎస్‌కు ఆ మాట వర్తించదు.

మూడున్నరలీటర్లు

శక్తే కావాలనుకుంటే 2012లో వచ్చిన వి6 ఎక్సీజ్ ఎస్ ఎందుకు చూడకూడదు? 345 హార్స్‌పవర్, 1176 కిలోలు; టన్నుకు 293. ఈ చర్చలోని ఏ కారూ దాని దరిదాపుల్లో లేదు.

పాతరోవర్

వి6 గొప్ప కారే, కాదనను. కానీ మొదటి తరం ఎలీజ్‌తో పోలిస్తే అది 450 కిలోలు ఎక్కువ, వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం) కూడా 70 మిల్లీమీటర్లు పెరిగింది. ఆ బరువును ప్రతి మలుపు ముందూ ఆపాల్సింది బ్రేకులు, తిప్పాల్సింది టైర్లు. తేలికబండి గారు పేరులోనే తన కోరిక చెప్పుకున్నారు కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేద్దాం.

క్యామ్6200

పాతరోవర్ గారూ, రోవర్ ఇంజను హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్‌కు, బ్లాకుకు మధ్య సందు మూసే పొర) గురించి మీరు ఇంతవరకు ఒక్క మాట కూడా అనలేదు. ట్రాక్ కోసం అడిగినవారికి అది చెప్పకపోవడం బాగుండదు.

పాతరోవర్

అడిగారు కాబట్టి వివరంగానే చెబుతాను. కె-సిరీస్‌లో సిలిండర్ హెడ్‌ను, బ్లాకును, కింది బేరింగ్ చట్రాన్ని పది పొడవాటి బోల్టులు ఒకే కట్టగా బిగించి పట్టుకుంటాయి. బరువు తగ్గడానికి అదే కారణం, చిక్కు కూడా అక్కడే మొదలైంది. హెడ్‌ను బ్లాకు మీద సరిగ్గా కూర్చోబెట్టే డోవెల్స్ ప్లాస్టిక్‌వి. ఇంజనులోని కూలెంట్ తక్కువ. వేడిని బట్టి నీటి దారి తెరిచే థర్మోస్టాట్ పంపులోకి నీరు ప్రవేశించే వైపు ఉంది. ఎలీజ్‌లో రేడియేటర్ ముందు, ఇంజను వెనుక కావడంతో పొడవాటి గొట్టాల్లో నిలిచిన చల్లని నీరు థర్మోస్టాట్ తెరుచుకోగానే వేడి ఇంజనులోకి ఒక్కసారిగా దూసుకొస్తుంది. ఆ తాకిడికి హెడ్ సూక్ష్మంగా కదిలి, గ్యాస్కెట్‌ను నలిపేస్తుంది.

దీనికి మందు ఉంది. ఉక్కు డోవెల్స్, పలు పొరల ఉక్కు గ్యాస్కెట్, థర్మోస్టాట్‌ను వేరే చోటికి మార్చే కిట్ వేసి, శ్రద్ధగా బిగించిన ఇంజను ట్రాక్ మీద నిలబడుతుంది. ఈ పనులన్నీ జరిగినట్టు కాగితాలు లేని కారును కొనమని నేను ఎవరికీ చెప్పను. ఒక నియమం మాత్రం తప్పనిసరి: నీటి వేడి సాధారణ స్థాయికి చేరి నిలకడగా ఉండేవరకు ఇంజనును బలంగా తిప్పకూడదు.

స్పానర్

నేను ఈ కార్లను లిఫ్టు మీద చూసేవాణ్ణి కాబట్టి, ఏ రకమన్న వాదనకు ముందు చూడవలసిన వాటి గురించి రాస్తున్నాను. చాసిస్‌ను అతికించి చేశారు కనుక దెబ్బ తింటే మామూలు కారులా లాగి, వెల్డింగ్ చేసి సరిచేయడం కుదరదు; గట్టి దెబ్బకు మొత్తం టబ్ (చాసిస్ ప్రధాన భాగం) మార్చడమే గతి. వెనుక సస్పెన్షన్ చేతులు చాసిస్‌కు బిగించిన చోట్ల, సీటు పక్కనున్న చాసిస్ పెద్ద కమ్మీల కింద టార్చి వేసి చూడండి. ముందు క్లామ్ (కారు ముందుభాగపు పైతొడుగు) ఒకే ముక్క కాబట్టి, రెండో తరం కారులో రేడియేటర్ మార్చాలంటే దాన్ని ఊడదీయాలి. రేడియేటర్ పక్కలుండే ప్లాస్టిక్ ట్యాంకుల అంచుల్లో తెల్లటి మరకలు కనిపిస్తే ఆ పని దగ్గరపడిందని అర్థం.

అన్నిటికంటే ముఖ్యమైనది వెనుక టో లింక్. చక్రం నేరుగా ఉండేలా పట్టుకునే కడ్డీ అది. రెండో తరం కార్లలో దాని లోపలి బాల్ జాయింట్‌కు ఒకవైపే ఆధారం ఉంటుంది. జిగటగా పట్టుకునే ట్రాక్ టైర్లు వేసినప్పుడు ఆ జాయింట్ మీద పడే వంపు బలం పెరుగుతూ వచ్చి, ఒకరోజు అది తెగిపోవచ్చు. తెగితే వెనుక చక్రం తన ఇష్టం వచ్చిన దిక్కుకు తిరుగుతుంది, అప్పుడు స్టీరింగ్‌తో చేయగలిగింది ఏమీ ఉండదు. రెండువైపులా ఆధారమిచ్చే కిట్లు దొరుకుతాయి. హార్స్‌పవర్ గురించి ఆలోచించే ముందు ఇది వేయించండి. నా దగ్గరికి వచ్చే యజమానుల్లో ఎగ్జాస్ట్ మార్చినవారు కనిపించినంతగా టో లింక్ మార్చినవారు కనిపించరు, అది చూసి బాధగా ఉంటుంది.

తేలికబండి

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక నా మొగ్గు మారింది. నాకు కావలసింది గట్టి కప్పు, రెక్క, ముందు వెడల్పు టైరు, కావాలనుకున్నది సూపర్‌ఛార్జర్. మొదటి మూడూ 2004 నాటి సూపర్‌ఛార్జర్ లేని ఎక్సీజ్‌లో ఉన్నాయి. బరువు సుమారు 875 కిలోలు, ఇంజను 111ఆర్‌దే. నేను వెళ్లే ట్రాక్ ఎక్కువగా మూడు, నాలుగు గేర్లలో సాగేది కనుక క్యామ్6200 గారు చెప్పిన గుంట నాకు అంతగా అడ్డురాదు. ఈ ఎంపికకు ఎవరికైనా అభ్యంతరం ఉందా?

రెక్కబలం

ఇరుకు ట్రాక్‌కు వెళ్లిన రోజున సూపర్‌ఛార్జర్ లేని లోటు తెలుస్తుందని నా అభిప్రాయం మారలేదు. కానీ మీ ట్రాక్ స్వభావం మీరు చెప్పినట్టే అయితే ఈ ఎంపికను తప్పుపట్టను.

క్యామ్6200

మంచి ఎంపిక, కానీ ఒక షరతు ఉంది. ఎక్సీజ్‌కు కంపెనీ వేసిన యొకోహామా ఏ048 టైర్లు ఎలీజ్ టైర్ల కంటే చాలా గట్టిగా పట్టుకుంటాయి. పట్టు పెరిగిన కొద్దీ పొడవైన మలుపులో సంపు (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి)లోని ఆయిల్ ఒక పక్కకు ఎగబాకి, పంపు పీల్చుకునే గొట్టం దగ్గర ఖాళీ ఏర్పడుతుంది. సరిగ్గా అదే సమయంలో మీరు ముల్లును 6200 పైన నిలిపి ఉంచుతారు, అంటే బేరింగులకు ఆయిల్ అన్నిటికంటే ఎక్కువ అవసరమైన వేళ అది అందకుండా పోతుంది. మీరు మెచ్చి ఎంచుకున్న ఆ పట్టే ఇంజనుకు ముప్పు తెస్తుంది. కాబట్టి లోపల గదులుగా విభజించిన బాఫిల్ సంపు వేయించనిదే ఆ టైర్లతో ట్రాక్ ఎక్కవద్దు. ఆయిల్ మట్టాన్ని పై గీత దగ్గరే ఉంచండి, ప్రతి సెషన్ తర్వాత కారు సమతలంగా నిలిపి, కాసేపు ఆగి ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూడండి.

స్పానర్

సంపు విప్పినప్పుడు అడుగున చేరిన ఆయిల్‌ను తెల్ల గుడ్డలో వడకట్టి చూడమని మెకానిక్‌కు చెప్పండి. రాగి రంగు మెరుపు కనిపిస్తే పాత యజమాని ట్రాక్ మీద బేరింగులను అప్పటికే అరగదీశాడని అర్థం. వీలైతే బేరం కుదరక ముందే ఆయిల్ నమూనా తీయించి ఈ పరీక్ష చేయించండి.