కాలు విరిగిన దుప్పి పిల్లకు ఊళ్లోనే కట్టు కట్టాలా, ఫారెస్టు వాళ్లకు అప్పగించాలా?

ప్రాణహిత గట్టు:
మాది మహారాష్ట్రలో, ప్రాణహిత నది ఒడ్డున ఉన్న సిరొంచ తాలూకా. మొన్న పత్తి చేలో కుక్కలు తరిమిన దుప్పి పిల్ల దొరికింది. ముందరి కాలు మోకాలి కింద విరిగి వేలాడుతోంది. ఒకాయన మేక పిల్లకు కట్టినట్టే వెదురు బద్దలు కడతానన్నాడు. ఇంకొకాయన ముట్టుకుంటే కేసవుతుందని ఆపాడు. చివరికి ఫారెస్టు వాళ్ల హెల్ప్‌లైన్ 1926కి ఫోన్ చేశాం, వచ్చి తీసుకెళ్లారు. గొడవ మాత్రం ఊళ్లో ఇంకా నడుస్తూనే ఉంది. మీరేమంటారు?

మంద కాపరి:
కట్టాల్సిందే అన్నా. లేత ఎముక ఇట్టే అతుకుతుంది. మా మందలో కట్టు కట్టిన పిల్లలు మూడు నాలుగు వారాలకే గంతులేస్తాయి. నాగపూర్‌లో అడవి జంతువుల ట్రీట్‌మెంట్ సెంటర్ ఉంది, గోరెవాడ రెస్క్యూ సెంటర్ ఉంది, కాదనను. కానీ ఇక్కడి నుంచి అక్కడిదాకా ఆ కుదుపుల్లో పోయేసరికి అది బతికుండొద్దూ? చేతిలో ఉన్న వైద్యం వదిలేసి ఫోన్ పట్టుకుని కూర్చోవడం పాపం.

పశువుల డాక్టర్:
ఎముక గురించి కాపరి గారు చెప్పింది నిజమే. కానీ మేక పిల్లకు పుట్టినప్పటి నుంచీ మనిషి అలవాటు, దుప్పి పిల్లకు కాదు. నలుగురు చుట్టూ చేరి ఒడిసి పట్టుకుంటే ఆ భయానికి, ఆ గింజులాటకు కండరాలే దెబ్బతింటాయి. కాలు చక్కగా కట్టి పడుకోబెట్టినా తెల్లారేసరికి, లేదా రెండు మూడు రోజులకు ప్రాణం పోవచ్చు.

ఇక కట్టు సంగతి. విరిగిన చోటికి పై కీలు, కింది కీలు రెండూ కదలకుండా పట్టి ఉంచాలి. విరిగిన చోట మాత్రమే బద్ద పెడితే, దాని అంచు దగ్గర ఎముక మళ్లీ మళ్లీ కదులుతుంది. తొడ ఎముక విరిగితే బద్దలు పనికేరావు. వాపు మొదటి రోజంతా పెరుగుతూనే ఉంటుంది, పొద్దున సరిపోయిన కట్టు సాయంత్రానికి బిగుసుకుపోతుంది. నా దగ్గరికి తెచ్చిన ఒక పిల్లకు చీర పీలికతో గట్టిగా కట్టారు. గిట్ట చల్లగా ఉంది, పీలిక విప్పుతుంటే కుళ్లు వాసన. కట్టు కింద చర్మమంతా నల్లబడింది. ఎముక మాత్రం అతుక్కునే విరుపే! పైగా ఈ వయసులో కాలు వారం వారం ఎదుగుతుంది, కట్టు మార్చాలి. మార్చిన ప్రతిసారీ మళ్లీ పట్టుకోవాలి, మళ్లీ అదే టెన్షన్.

దయచేసి నొప్పికని డైక్లోఫెనాక్ సూది వెయ్యకండి. పశువులకు దాన్ని 2006లోనే నిషేధించారు. పిల్ల చచ్చి, కళేబరం అడవి అంచున పడితే, తిన్న రాబందు కిడ్నీలు పాడై చస్తుంది. నది అవతల బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టిన సంగతి మనకు తెలుసు. మేతకు అవి నది దాటి రాగలవు.

అడవి దారి:
బతికాక ఏంటి? సీసా పాలతో పెరిగిన మగ దుప్పికి మనిషంటే భయం ఉండదు, కొమ్ములొచ్చాక సాకినవాళ్లనే పొడుస్తుంది. అడవిలో వదిలితే కుక్కను చూసి పారిపోవాలనీ తెలియకపోవచ్చు. హేమలకసాలో ప్రకాశ్ ఆమ్టే గారు అనాథ జంతువులను సాకలేదా అంటారు. అక్కడ జీవితాంతం చూసుకునే ఏర్పాటుంది, మన పెరట్లో లేదు. ఎముక చర్మం చీల్చుకుని వచ్చి, పుండు పురుగు పట్టిన పిల్లను డాక్టరే సూదితో నొప్పి లేకుండా పంపించెయ్యడం నా దృష్టిలో దయ.

మంద కాపరి:
ఒప్పుకోను. మూడు కాళ్ల మీద మేసే దుప్పిని మా చేను గట్టునే చూశాను, దానికి బతకాలని లేదంటారా? సరే డాక్టర్ గారూ, కుక్కల నోట్లోంచి తీశాక వదిలెయ్యలేం కదా. జీపు వచ్చేదాకా ఏం చెయ్యాలి?

పశువుల డాక్టర్:
ముక్కు వదిలి కళ్లకు గుడ్డ కప్పండి. గడ్డి పరిచిన అట్టపెట్టెలో పెట్టి, చీకటి గదిలో ఉంచండి. చూడ్డానికి వచ్చేవాళ్లను, ఫోటోలు తీసేవాళ్లను బయటే ఆపండి. మోకాలి కింద విరిగితే దూది మందంగా చుట్టి, అట్టముక్క మోకాలు దాటి గిట్ట దాకా పెట్టి, వేలు దూరేంత వదులుగా కట్టండి. అంతకు మించి వద్దు. ఆవు పాలు పట్టొద్దు, పారుకుంటుంది. వెల్లకిలా పెట్టి నీళ్లు కూడా పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కుక్క సొంగ అంటిన చేతులు సబ్బుతో 15 నిమిషాలు కడగండి. చేతి మీద గీతలుంటే దవాఖానాకు పోవాల్సిందే.

కేసు భయం గురించి: 1972 వన్యప్రాణి చట్టం 39వ సెక్షన్ ప్రకారం ఆ పిల్ల సర్కారుది. 48 గంటల్లోపు పోలీసులకో, ఫారెస్టు అధికారికో చెప్పాలి. చెప్పకుండా ఇంట్లో పెంచుకుంటేనే చిక్కు.

ప్రాణహిత గట్టు:
దెబ్బేమీ లేకుండా ఒంటరిగా పడుకున్న పిల్ల కనబడితే?

పశువుల డాక్టర్:
ముట్టుకోకండి. తల్లి దాన్ని దాచి మేతకు పోయి ఉంటుంది, పాలివ్వడానికి వస్తుంది. కుక్కలను తోలేసి, మీరూ దూరం జరగండి.