అట్లాంటాలో మొదట్లో బ్లాక్ పోలీసులకి తెల్లవాళ్ళని అరెస్ట్ చేసే పవర్ లేదంట, నిజమేనా?

చామంతి_ఆల్ఫారెట్టా:
ఇండియా నుంచి అత్తయ్యా మామయ్యా వస్తే మార్టిన్ లూథర్ కింగ్ గారి ఏరియా చూపిద్దామని ఆబర్న్ అవెన్యూ వైపు తీసుకెళ్ళాం. అక్కడ ఒక పెద్దాయన మాటల్లో మాటగా చెప్పాడు, 1948లో మొదటి బ్లాక్ పోలీసుల్ని హెడ్‌క్వార్టర్స్‌లోకి కూడా రానిచ్చేవాళ్ళు కాదని, తెల్లవాళ్ళ మీద చెయ్యి వెయ్యకూడదనీ. మా మామయ్య రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, అస్సలు నమ్మట్లేదు. "అరెస్ట్ చెయ్యలేనోడికి యూనిఫాం ఎందుకమ్మా" అని నిన్నటి నుంచీ అదే మాట. ఎవరికైనా తెలుసా?

పాత_పేపర్ల_పిచ్చి:
నిజమేనండి. 1948 ఏప్రిల్‌లో ఎనిమిది మందిని తీసుకున్నారు. హెడ్‌క్వార్టర్స్‌లో తెల్ల పోలీసులు వాళ్ళతో కలిసి కూర్చోం అనేసరికి బట్లర్ స్ట్రీట్ వైఎంసీఏ (క్రైస్తవ యువజన సంఘం) బిల్డింగ్ బేస్‌మెంటే వాళ్ళ స్టేషన్ అయింది, అక్కడే డ్రెస్ మార్చుకోవాలి, డ్యూటీ అయ్యాక యూనిఫాం విప్పేసి మామూలు బట్టల్లో ఇంటికెళ్ళాలి. కారూ లేదు, బ్లాక్స్ ఉండే వీధుల్లో కాలినడకన బీట్. తెల్లవాడు కళ్ళముందే తప్పు చేసినా ఆపి ఉంచి తెల్ల పోలీసుని పిలవాల్సిందే. 1962 దాకా అంతే! మీ మామయ్యగారి ప్రశ్న కరెక్టే, సమాధానమే బాలేదు.

గోదారోడు_జీఏ:
అంత అసహ్యం ఉన్నప్పుడు అసలు ఎందుకు తీసుకున్నట్టు? మేయర్‌కి సడెన్‌గా జాలేసిందా 😀

పాత_పేపర్ల_పిచ్చి:
జాలి కాదు బాబూ, ఓట్లు. జార్జియాలో అప్పట్లో డెమొక్రాటిక్ పార్టీ ప్రైమరీ (అభ్యర్థిని ఎంచుకునే పార్టీ లోపలి ఎన్నిక) గెలిస్తే ఎలక్షన్ గెలిచినట్టే, ఆ ప్రైమరీలో తెల్లవాళ్ళకి తప్ప ఓటు లేదు. 1946లో కోర్టు అది కొట్టేసింది, వెంటనే అట్లాంటాలో వేల మంది బ్లాక్స్ ఓటరుగా రిజిస్టర్ అయ్యారు. మేయర్ హార్ట్స్‌ఫీల్డ్ లెక్కలు తెలిసిన మనిషి, పోలీస్ చీఫ్ జెంకిన్స్‌తో కలిసి పని కానిచ్చాడు, కాకపోతే తెల్ల ఓటర్లు అలగకుండా ఇన్ని ఆంక్షలు పెట్టి. సగం ఉద్యోగం అన్నమాట.

లక్ష్మీ_అక్క_డల్లాస్:
ఆడవాళ్ళ కథా ఇలాంటిదే అమ్మాయ్. 1910లో లాస్ ఏంజెలెస్‌లో ఆలిస్ స్టెబిన్స్ వెల్స్ అనే ఆవిడ పోలీసు అయింది, పోలీసులకి ట్రామ్ ఫ్రీ కదా, బ్యాడ్జ్ చూపిస్తే కండక్టర్ "మీ ఆయన బ్యాడ్జ్ వాడుకుంటున్నావా" అన్నాడంట, దాంతో ఆవిడకి వేరే బ్యాడ్జ్ చేయించారు, "పోలీస్‌వుమన్, నంబర్ 1" అని. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆడ పోలీసులంటే తప్పిపోయిన పిల్లలు, ఆడ ఖైదీలు, టైపింగు. పెట్రోల్ కారులో ఇద్దరు ఆడవాళ్ళని పంపింది 1968లో, ఇండియానాపోలిస్‌లో. న్యూయార్క్‌లో ఫెలీషియా ష్ప్రిట్జర్ అనే ఆవిడని సార్జెంట్ పరీక్షే రాయనివ్వకపోతే కోర్టుకెళ్ళి గెలిచి 1965లో సార్జెంట్ అయింది. 1964 పౌరహక్కుల చట్టం ఉద్యోగాల భాగం మొదట ప్రైవేటు వాళ్ళకే, సిటీ గవర్నమెంట్లకి 1972లో గానీ వర్తించలేదు, కేసులన్నీ ఆ తర్వాతే జోరందుకున్నాయి.
మీ అట్లాంటాలోనే బెవర్లీ హార్వర్డ్, 1973లో భర్తతో పందెం కాసి పోలీసులో చేరిందని చెప్తారు. 1994లో చీఫ్ అయింది, పెద్ద సిటీలో పోలీస్ హెడ్ అయిన మొదటి బ్లాక్ మహిళ.

గోదారోడు_జీఏ:
ఓకే అక్కా, కానీ పోలీసు ఉద్యోగాలకి పెట్టే హైట్ రూల్స్ సంగతేంటి, అది వివక్ష కాదు కదా, అందరికీ ఒకటే రూలు

లక్ష్మీ_అక్క_డల్లాస్:
అందరికీ ఒకటే కాబట్టే గొడవ తమ్ముడూ. మన దగ్గర కానిస్టేబుల్‌కి మగాళ్ళకి 167.6 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 152.5, వేర్వేరుగా పెట్టారు. ఇక్కడ మగాళ్ళ కొలతే అందరికీ పెట్టి ఆడవాళ్ళు రాలేదేంటి అన్నారు. 1977లో అలబామా జైలు గార్డు ఉద్యోగాల కేసులో 5 అడుగుల 2 అంగుళాలు, 120 పౌండ్ల రూలునే సుప్రీంకోర్టు కొట్టేసింది, ఆ కొలతకీ ఆ పనికీ సంబంధం చూపించలేకపోయారని.