జాబిక్స్‌లో హోస్ట్ ఎర్రగానే ఉంటోంది, పొద్దుట్నుంచీ ఇదే గొడవ

కొత్త_అడ్మిన్: మెషిన్లని కనిపెట్టి ఉండే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ జాబిక్స్, వెర్షన్ 6.0. కొత్త లినక్స్ మెషిన్లో ఏజెంట్ (దాని రీడింగులు ఇచ్చే చిన్న ప్రోగ్రామ్) వేశా. కాన్ఫిగ్‌లో 'సర్వర్=' దగ్గర మా జాబిక్స్ సర్వర్ ఐపీ ఇచ్చా, సర్వర్ వచ్చి ఏజెంట్‌ని అడిగే 10050 పోర్టు తెరిచా, పింగ్ వెళ్తోంది. అయినా హోస్ట్ (అంటే ఆ మెషిన్) పక్కన గుర్తు ఎర్రగానే. ఏజెంట్ నుంచి ఖాళీ జవాబు వచ్చిందనీ, పర్మిషన్ లేక కనెక్షన్ తెంచేసిందేమో అనీ అంటోంది. రెండుసార్లు తీసేసి మళ్లీ వేశా. ఆరు గంటలైంది. ఎవరైనా పుణ్యం కట్టుకోండి.

సబ్‌నెట్_సుబ్బడు: ఏజెంట్ లాగ్ పెట్టండి.

కొత్త_అడ్మిన్: సర్వీస్ రన్నింగ్‌లోనే ఉందండీ.

సబ్‌నెట్_సుబ్బడు: లాగ్.

లినక్స్_బాబాయ్: ఎరుపు సంగతి ఎలాగూ తేలుతుంది గానీ, హిస్టరీ (ప్రతి రీడింగునీ విడిగా దాచేది) ఎన్నాళ్లు ఉంచుతున్నారు? వంద హోస్టులు, ఒక్కోదానికి వంద ఐటెమ్‌లు (కొలిచే అంశాలు), నిమిషానికో రీడింగ్, 90 రోజులు: 129.6 కోట్ల వరసలు. వరసకు 90 బైట్ల లెక్కన 115 జీబీ పైమాటే. హౌస్‌కీపర్ గంటకోసారి లేచి వాటిని తుడవబోతే డేటాబేస్ నడుం విరుగుతుంది. హిస్టరీ 7 రోజులు, ట్రెండ్స్ (గంటకో సారాంశం) 365 చాలు. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే టేబుల్‌ని తేదీలవారీ ముక్కలు చేసే పార్టిషన్లు మొదటిరోజే చేసుకోవాలి, టేబుల్ నిండాక కాదు.

రాణి_నెట్‌ఆప్స్: బాబాయ్, అడిగిందొకటి, మీరు చెప్పేదొకటి. కొత్త_అడ్మిన్ గారూ, ఖాళీ జవాబు వచ్చిందంటే పోర్టు దాకా చేరినట్టే, ఫైర్‌వాల్ని వదిలేయండి. 'సర్వర్=' లైన్లో లేని ఐపీ తలుపు తడితే ఏజెంట్ తీసినట్టే తీసి మూసేస్తుంది. ఏ ఐపీని తోసేసిందో, ఎవరిని రానిస్తుందో లాగ్‌లో ఒకే లైన్లో ఉంటుంది. ఏజెంట్, ఏజెంట్ 2 (దాని కొత్త రకం) రెండూ వేశారా? వాటి కాన్ఫిగ్ ఫైళ్లు వేరు. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని రీస్టార్ట్ చేసేవాళ్లు చాలామంది.

కొత్త_అడ్మిన్: పాత ఏజెంట్ ఒక్కటే. లాగ్‌లో 10.20.4.9 ని రిజెక్ట్ చేసినట్టుంది. అది మా బ్రాంచ్ ప్రాక్సీ, అక్కడి హోస్టుల డేటా పోగేసి సర్వర్‌కి పంపేది.

సబ్‌నెట్_సుబ్బడు: ప్రాక్సీ ఉందని ఇప్పుడా చెప్పేది?

కొత్త_అడ్మిన్: బ్రాంచ్ హోస్టులన్నీ దాని మీదే కదండీ, వేరే చెప్పాలా అనుకున్నా.

రాణి_నెట్‌ఆప్స్: 'సర్వర్=', 'సర్వర్‌యాక్టివ్=' (ఏజెంట్ తానే ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పేది) రెండిట్లోనూ ప్రాక్సీ ఐపీ పెట్టి ఏజెంట్ రీస్టార్ట్ చేయండి. తర్వాత ప్రాక్సీ మెషిన్లోంచే జాబిక్స్ గెట్ కమాండ్‌తో 'ఏజెంట్.పింగ్' అడగండి, 1 రావాలి. మీ ల్యాప్‌టాప్ నుంచి అడిగితే మళ్లీ ఖాళీయే. ఇంకోటి, 6.0లో యాక్టివ్ ప్రాక్సీ సర్వర్ నుంచి కాన్ఫిగ్ తెచ్చుకునేది మామూలుగా 3600 సెకన్లకోసారి. హోస్ట్‌లో ఏది మార్చినా గంట ఎదురుచూడకుండా ప్రాక్సీ మీద కాన్ఫిగ్ క్యాష్ రీలోడ్ కొట్టండి.

లినక్స్_బాబాయ్: ప్రాక్సీ యాక్టివ్ అయితే ఏజెంటూ యాక్టివే కదమ్మా, ఇక 10050 ఎందుకు?

సబ్‌నెట్_సుబ్బడు: కాదు. ప్రాక్సీ యాక్టివ్ అంటే అది తనంతట తాను సర్వర్ దగ్గరికి వెళ్తుంది. ఏజెంట్ యాక్టివ్ అంటే ఏజెంట్ ప్రాక్సీ దగ్గరికి వెళ్తుంది. రెండూ 10051 పోర్టుకే, కానీ ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు.

లినక్స్_బాబాయ్: రెండిటికీ ఒకే పేరు పెట్టినవాళ్లని అనాలి.

కొత్త_అడ్మిన్: పచ్చబడింది, థాంక్సండీ. కొన్ని గ్రాఫులు మాత్రం ఖాళీ.

రాణి_నెట్‌ఆప్స్: అవి యాక్టివ్ ఐటెమ్‌లేమో, అంటే ఏజెంట్ తనంతట తాను పంపేవి. కాన్ఫిగ్‌లో 'హోస్ట్‌నేమ్=', వెబ్‌లో హోస్ట్ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటేనా? క్యాపిటల్, స్మాల్ తేడా కూడా ఉండకూడదు. విజిబుల్ నేమ్ కాదు, దాని పైన ఉండేది.

లినక్స్_బాబాయ్: ఇంతకీ హిస్టరీ ఎన్ని రోజులు పెట్టారు?