రేడియేషన్ అయినవారికి కట్టుడు పళ్లు: కింది సెట్టు అంచులు ఎంతవరకు?

ప్రశ్న పెట్టిన దంతవైద్యురాలు:
నాలుక క్యాన్సర్‌కు 66 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) రేడియేషన్ పూర్తయి ఏడాది దాటిన ఒక పెద్దాయనకు కొత్త సెట్టు చేయవలసి ఉంది. పళ్లన్నీ చికిత్సకు ముందే తీసేశారు. చిగుళ్లు చూడటానికి బాగానే ఉన్నా, నోరు ఎంతగా ఎండిపోయిందంటే పరీక్షించే అద్దం బుగ్గకు అతుక్కుంటోంది. పాత సెట్టు జారుతోందని ఆయన అంటున్నారు. కింది అంచులు కాస్త పొడిగించవచ్చునా?

ప్రోస్థోడాంటిస్టు (కట్టుడు పళ్ల నిపుణులు):
దయచేసి పొడిగించకండి. జారడానికి ప్రధాన కారణం సెట్టుకూ చిగురుకూ మధ్య ఉండవలసిన లాలాజలపు పల్చటి పొర లేకపోవడమే అయినప్పుడు, అంచు పెంచినా ఆ లోటు తీరదు. పైగా కింది దవడ లోపలివైపు వెనకభాగంలో మైలోహాయిడ్ అనే ఎముక గట్టు మీద చిగురు పొర అసలే పల్చన, అక్కడ ఒరుసుకుని పుండు పడితే ఎముక బయటపడడానికి ఎంతో కాలం పట్టదు. రేడియేషన్ తగిలిన కింది దవడకు రక్తప్రసరణ తక్కువ కాబట్టి ఆస్టియోరేడియోనెక్రోసిస్ (రేడియేషన్ వల్ల ఎముక చచ్చిపోవడం) భయం ఏడాది గడిచినా పోదు. నేను ఆ చోట అంచును పొట్టిగానే ఉంచి, ఒత్తిడి పడే చోటు చూపే ప్రెషర్ పేస్టు సెట్టుకు పూసి, పేస్టు చెరిగిపోయి సెట్టు అక్రిలిక్ ప్లాస్టిక్ కనబడిన ప్రతిచోటా అరగదీస్తాను. పళ్ల కొనలు కూడా చదునుగా ఉంటే నమిలేటప్పుడు పక్కలకు లాగదు.

మరొక దంతవైద్యుడు:
నోటి అచ్చు (కొలత) తీయడానికి జింక్ ఆక్సైడ్ యూజెనాల్ పేస్టు వద్దు, ఎండిన పొరకు అతుక్కుని మండిస్తుంది. పలుచని సిలికాన్ మేలు. నోరు సరిగా తెరుచుకోనివారికి అచ్చు తీసేందుకు రెండు ముక్కలుగా విడిపోయే ట్రే చేయించుకోవలసి వస్తుంది.

సెట్టు వాడుతున్న ఒక రోగి:
వైద్యుల మధ్య మాట్లాడుతున్నందుకు మన్నించండి. పొడి నోట్లో పెట్టుకుంటే గీసుకుపోతుంది కనుక నేను ముందుగా సెట్టును నీళ్లతో తడుపుతాను, తినేటప్పుడు గుక్కగుక్కగా నీళ్లు తాగుతాను. రాత్రి తీసేస్తాను. నమలడం పూర్వంలా ఉంటుందని నాకు ఎవరో ఆశ పెట్టారు. అలా ఉండదని ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ప్రశ్న పెట్టిన దంతవైద్యురాలు:
కృతజ్ఞతలు. అంచులు పెంచను. లోపల మెత్తటి లైనరు వేయడం గురించి ఏమంటారు?

ప్రోస్థోడాంటిస్టు:
ఒత్తిడి తగ్గుతుంది, నిజమే. అయితే లాలాజలం లేని నోట్లో క్యాండిడా అనే ఫంగస్ త్వరగా పట్టుకుంటుంది, ఆ మెత్తటి పొర దానికి మంచి నివాసం. వేస్తే తరచుగా మార్చగలిగేవారికే వేయండి. ఫంగస్‌కు మైకొనజోల్ జెల్ రాసేముందు రోగి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతున్నారేమో తప్పక అడగండి, రెండూ కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

నోటి శస్త్రవైద్యుడు:
సెట్టు ఇచ్చిన మర్నాడో, ఎల్లుండో ఒకసారి చూడండి. నొప్పి తెలియకపోయినా పుండు పడి ఉండవచ్చు. పుండు కనబడితే అది మానేదాకా సెట్టు పెట్టుకోవద్దని చెప్పాలి. తీసేశాక కూడా రెండు వారాలకు మానకపోతే, లేదా లోపల ఎముక తెల్లగా కనిపిస్తే, అరగదీస్తూ కూర్చోకుండా మా వంటివారి దగ్గరకు పంపించండి, ఎందుకంటే అది క్యాన్సర్ తిరగబెట్టినదైనా కావచ్చు.