కొత్త రీఫ్ ట్యాంకులో నాలుగు రకాల పురుగులు: రాళ్ళు తీసేయాలా?

ప్రశ్న (డాలస్ నుంచి)
లైవ్ రాక్ (మేలు చేసే బ్యాక్టీరియా, చిన్న జీవులు ఉండే సముద్రపు రాళ్ళు) వేసి ఈ మధ్యనే మొదలుపెట్టిన 40 గ్యాలన్ల సముద్రపు నీటి ట్యాంకులో, రాత్రి లైట్లు ఆపి టార్చి వేసి చూస్తే, వేలెడు పొడవున్న గులాబీరంగు పురుగొకటి, రెండు పక్కలా తెల్లటి నూగు కుచ్చులతో, రాతి సందులోంచి సగం బయటికి వచ్చి, వెలుతురు తగలగానే లోపలికి జారుకుంటోంది. అద్దానికీ పంపుకూ ఆవగింజకన్నా చిన్న తెల్లటి చుట్టలు గట్టిగా అంటుకుని ఉన్నాయి. ఇసుక మీద సన్నని దారాలు పాకుతూ, తాకితే ముడుచుకుపోతున్నాయి. ఇవికాక, పగలు లైటు బాగా పడేచోట తుప్పు రంగు మచ్చలు కదులుతున్నాయి. రాళ్ళన్నీ తీసి మరిగించమని దుకాణంవారు సలహా ఇచ్చారు. అలా చేయవచ్చునా?

సమాధానం
దయచేసి రాళ్ళను మరిగించకండి. వాటి మీద జోయాంథిడ్‌లు (పగడాల్లాంటి చిన్న మెత్తటి జీవులు) ఉంటే, వాటిలోని పాలీటాక్సిన్ అనే విషం ఆవిరితో పాటు గాలిలో కలిసి మనుషులను ఆసుపత్రి పాలు చేసిన సంఘటనలు ఉన్నాయి. పైగా రాతిలోని మేలు చేసే బ్యాక్టీరియా చచ్చి, ట్యాంకు మళ్ళీ మొదటికి వస్తుంది.

గులాబీరంగుది బ్రిస్టిల్ వార్మ్. చేపలు వదిలేసిన మేతను, చచ్చిన జీవులను తిని ట్యాంకును శుభ్రం చేస్తుంది కాబట్టి ఉండనివ్వండి. వట్టి చేత్తో మాత్రం ముట్టుకోకండి. ఆ నూగు చర్మంలో దిగి మండుతుంది, దిగితే అంటుకునే టేపు అతికించి లాగేయాలి. పగడాలను తినే అట్లాంటిక్ జాతి హెర్మోడీస్‌కు తెల్ల కుచ్చుల పక్కనే ఎర్రటి మొప్పలుంటాయి. మీరు చెప్పినదానిలో అవి లేవు. తల మీద ఐదు మీసాలుండి, ఒళ్ళంతా రంగురంగుల మెరుపుంటే మాత్రం అది యూనిస్ కావచ్చు, దాన్ని ఉంచుకోకూడదు. తెల్లటి చుట్టలు స్పైరార్బిడ్‌లు అనే చిన్న పురుగుల గూళ్ళు, దారాలు స్పగెటీ వార్మ్ అనే పురుగు బయటికి చాచే స్పర్శకాలు. రెండింటివల్లా హాని లేదు. తుప్పు రంగు మచ్చలను భూతద్దంతో చూసి తోక ఎలా ఉందో చెప్పండి.

ప్రశ్న అడిగినవారు
చూశానండి. బల్లపరుపుగా, కొన్ని మిల్లీమీటర్ల పొడవున ఉన్నాయి. వెనక చివర మూడు కొనలున్నాయి.

మరొక సమాధానం
అయితే మీరు పట్టించుకోవలసింది వాటినే. ఆ తోకను బట్టి అవి కన్వల్యూట్రిలోబా అనే పురుగులు, అక్వేరియం పెంచేవారు రెడ్ ప్లనేరియా అంటారు. ఒంట్లో నాచును పెంచుకుని దాని ఆహారం మీద కూడా బతుకుతాయి కనుకనే లైటు కింద గుమిగూడతాయి. వెనక భాగం నుంచి మొగ్గ తొడిగి పిల్లలు విడిపోతాయి కాబట్టి, ఒకటి రెండు మిగిలినా మళ్ళీ నిండిపోతాయి. పగడాల మీద పరుచుకుని వెలుతురు అడ్డుకోవడం ఒక ఎత్తు, చచ్చేటప్పుడు విషం వదలడం ఇంకొక ఎత్తు. అందుకే గుంపు పెద్దదిగా ఉండగానే వాటిని చంపే మందు వేస్తే చేపలు కూడా పోవచ్చు. ముందు సన్నని గొట్టంతో, నీరు మార్చే ప్రతిసారీ, కనిపించినవాటినల్లా లాగేయండి. బాగా తగ్గాకే మందు వేసి, వెంటనే విషాన్ని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, సిద్ధం చేసుకున్న ఉప్పునీటితో నీరు మార్చండి.

ఇంకొకరు
వాటినే తినే కెలిడోన్యూరా అనే నీలి గీతల సముద్రపు నత్తను కొనమని కొందరు చెబుతారు. పురుగులు అయిపోగానే అది ఆకలితో చస్తుంది. 40 గ్యాలన్లకు అది అన్యాయమని నా అభిప్రాయం. లైట్లు వెలిగి గంటయ్యాక ఆ పురుగులు పైకి చేరతాయి, అప్పుడే గొట్టం పెట్టండి.