డిస్పాచర్లం అసిస్టెంట్లమా, అధికారులమా? ఏ సంఘంలో చేరాలి?

ప్రశ్న:

ఒక విమాన సంస్థ ఆపరేషన్స్ కంట్రోల్ విభాగంలో ఆరేళ్లుగా ఫ్లైట్ డిస్పాచర్‌గా పనిచేస్తున్నాను. వాతావరణం చూసి దారి నిర్ణయించడం, ఇంధనం లెక్క కట్టడం, అనుకున్న చోట దిగడం కుదరకపోతే ఎక్కడ దిగాలో ముందే ఎంచి పెట్టడం, విమానం గాలిలో ఉన్నంతసేపూ కనిపెట్టుకుని ఉండటం మా పని. నియామక పత్రంలో మాత్రం ‘ఆపరేషన్స్ అసిస్టెంట్’ అని ఉంది. సంఘంలో చేరతామంటే ‘మీరు నిర్ణయాలు తీసుకునేవారు, యాజమాన్యం కిందికి వస్తారు’ అంటున్నారు. పైలట్ల సంఘం మమ్మల్ని చేర్చుకోదు. మొత్తం 18 మందిమి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

తమ్ముడూ, నేను ఈ పనిలోనే ఉండి రిటైరయ్యాను. ‘అసిస్టెంట్’ అన్న మాట ఎంత బాధిస్తుందో నాకు తెలుసు. అయితే మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. వృత్తికి గుర్తింపు విమానయాన నియంత్రణ సంస్థ చేతిలో ఉంటుంది. జీతం, పనిగంటల గురించి మీ తరఫున మాట్లాడే హక్కు కార్మిక చట్టం నుంచి వస్తుంది. ఒక చోటికి రాయాల్సిన అర్జీ రెండో చోటికి పంపితే నెలలు వృథా అవుతాయి.

ముందు గుర్తింపు సంగతి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల మొదటి అనుబంధంలో, పైలట్ల లైసెన్సులతో పాటే డిస్పాచర్ లైసెన్సుకూ ప్రమాణాలున్నాయి. కనీస వయసు 21 ఏళ్లు. దరఖాస్తుకు ముందు ఆరు నెలల్లో 90 పనిదినాలు పర్యవేక్షణలో పనిచేసి ఉండాలి. కానీ ప్రతి దేశమూ ఆ లైసెన్సు ఇవ్వదు. ఐరోపా సమాఖ్య నిబంధనల్లో శిక్షణ ప్రస్తావన ఉంది, లైసెన్సు లేదు. అమెరికాలో షెడ్యూలు ప్రకారం నడిచే పెద్ద విమానాల విషయంలో పైలట్‌కూ డిస్పాచర్‌కూ ఉమ్మడి బాధ్యత. ప్రయాణం భద్రంగా సాగుతుందని ఇద్దరూ నమ్మితేనే ఇద్దరూ సంతకం చేస్తారు. అందుకే, మీ సంస్థ ఆపరేషన్స్ మాన్యువల్ తెరిచి, విమానం బయలుదేరడానికి ఎవరి సంతకం కావాలని రాశారో చూడండి. అక్కడ మీ పేరుంటే ‘అసిస్టెంట్’ అన్న మాట నిలబడదు.

ఇక యాజమాన్యం అన్న వాదన. చాలా దేశాల కార్మిక చట్టాలు చూసేది మనుషులపై అధికారం. మీరు ఎవరినైనా ఉద్యోగంలోకి తీసుకోగలరా? శిక్షించగలరా? విమానాన్ని ఆపగలిగినంత మాత్రాన మేనేజరు అయిపోరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1948 నాటి 87వ ఒడంబడిక, ఎలాంటి భేదం లేకుండా కార్మికులందరికీ సంఘం పెట్టుకునే హక్కు ఉందంటుంది. సంఘంలో చేరినందుకు వేధించకూడదని 1949 నాటి 98వ ఒడంబడిక చెబుతుంది. మీ దేశం వీటిని ఆమోదించిందో లేదో ముందు చూసుకోండి.

మరో సభ్యుడి జవాబు:

నాదొక అనుభవం. మేము గ్రౌండ్ సిబ్బంది సంఘంలో నేరుగా చేరిపోయాం. బేరసారాల రోజున సామాను విభాగం వారి డిమాండ్లే బల్ల మీదికి వచ్చాయి, రాత్రి షిఫ్టుల విశ్రాంతి ఊసే లేదు. తప్పు వారిది కాదు, మా పని వారికి తెలియదు. చేరే ముందే డిస్పాచర్లకు విడిగా ఒక ఉపసంఘం, బేరసారాల బృందంలో ఒక స్థానం కావాలని రాయించుకోండి. అమెరికాలో డిస్పాచర్లను ప్రత్యేక వర్గంగా లెక్కించి, ప్రాతినిధ్యంపై వారికే విడిగా ఓటింగు పెడతారు. కాబట్టి తక్కువ మందిమని వెనకాడకండి.

ప్రశ్న అడిగిన వారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మాన్యువల్‌లో సంతకం మాదే. అంతర్జాతీయ డిస్పాచర్ల సమాఖ్యలో చేరితే సరిపోతుందా?

జవాబు:

సరిపోదు. మీరడిగిన ఆ సమాఖ్య, అంటే ఇఫాల్డా, వృత్తి సంఘాల సమాఖ్య. ప్రమాణాల గురించి గట్టిగా మాట్లాడుతుంది కానీ మీ జీతం కోసం మీ యాజమాన్యంతో కూర్చోదు. దానికి కార్మిక సంఘమే కావాలి.

ఈ నెలంతా 18 మందీ ఎవరి డైరీ వారు రాయండి. షిఫ్టు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఒక్కరే ఎన్ని విమానాలు చూశారు, భోజనానికి లేవగలిగారా. అమెరికాలో డిస్పాచర్‌కు మామూలుగా వరుసగా 10 గంటలకు మించి డ్యూటీ వేయకూడదు. మీ లెక్క దాని పక్కన పెడితే ఎవరికైనా అర్థమవుతుంది. సంస్థ పత్రాలు, ప్రయాణికుల వివరాలు మాత్రం బయటికి తీసుకురావద్దు. సంఘం మాటలు ఆఫీసు మెయిల్‌లో రాయవద్దు. డైరీలు సిద్ధమయ్యాక, ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే, కార్మిక న్యాయవాదికి నియామక పత్రం, డైరీలు చూపించండి.