అంబాజీపేట నుంచి కిలిమంజారో: 6 రోజులదా, 8 రోజులదా?

కొబ్బరిమండీ_అంబాజీపేట

నమస్కారమండి. నాకు 48 ఏళ్లు, కొబ్బరి వ్యాపారం. వచ్చే ఫిబ్రవరిలో ఇద్దరం ఆఫ్రికాలోని కిలిమంజారో కొండ ఎక్కుదామని బెంగళూరులో ఉన్న మా అబ్బాయి పట్టుబట్టాడు. సరదాకి అంటున్నాడులే అనుకున్నాను. మొన్న రెండు కంపెనీల ధరలు వాట్సాప్‌లో పంపాడు. ఒకటి మచామే దారిలో 6 రోజులు, రెండోది లెమోషో దారిలో 8 రోజులు. రెండో దానికి మనిషికి దాదాపు నలభై వేలు ఎక్కువ.

పుట్టి పెరిగిందంతా కోనసీమలోనే. మాకు ఎత్తైన చోటంటే ఏటిగట్టే. రోజూ తెల్లారకుండా దాని మీద 7 కిలోమీటర్లు నడుస్తాను, ఆయాసం రాదు. బీపీకి రోజూ ఒక మాత్ర. ఈ లెక్కన 5,895 మీటర్లు మనవల్ల అవుతుందా? ఆ నలభై వేలు దండగ కాదా? మా ఆవిడైతే "తిరుమల మెట్లే నాలుగు చోట్ల కూర్చుని ఎక్కారు" అంటోంది. ఆ రోజు నాకు జ్వరం, ఆ సంగతి మాత్రం చెప్పదు.

ఉండి_చెరువుగట్టు

దండగ కాదండి. ఆ డబ్బు మిగుల్చుకుని శిఖరం పోగొట్టుకున్నవాణ్ణి నేను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మావి ఉండి దగ్గర రొయ్యల చెరువులు. 2023 ఆగస్టులో పట్టుబడి అయిపోయి చెరువులు ఎండబెట్టిన టైం చూసుకుని నేనూ మా బావమరిదీ వెళ్లాం. మచామే దారి, 6 రోజులు. గైడు లేకుండా ఆ కొండ ఎక్కనివ్వరు కాబట్టి కంపెనీ తప్పదు. కొండ కింద ఉన్న మోషీ ఊరి చుట్టూ అరటి తోటలు చూసి రావులపాలెంలో దిగామా అనుకున్నా. అక్కడి చాగా జనం అరటి నీడన కాఫీ వేస్తారు, మనం కొబ్బరి కింద కోకో వేసినట్టు.

మొదటి రెండు రోజులూ గైడు నోట ఒకటే మాట, "పోలె పోలె". స్వాహిలీలో మెల్లగా మెల్లగా అని. నాకు చిరాకేసింది. మనం గట్టు మీద చేతులూపుకుంటూ పోయే రకం, ఈ పెళ్లికూతురి నడకేంటి అని ముందుకి పోయేవాణ్ణి.

మూడో రోజు లావా టవర్ అని 4,600 మీటర్ల దాకా ఎక్కించి, మళ్లీ 3,900 చిల్లర ఎత్తులో ఉన్న బరాంకో క్యాంపుకి దించేశారు. ఎక్కినదంతా దిగడమెందుకయ్యా అంటే, పైన ఒంటికి రుచి చూపించి కింద పడుకోబెడితే అలవాటు పడుతుందన్నాడు. నాకు తలనొప్పి మొదలైంది ఆ మధ్యాహ్నమే. సాయంత్రం వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూస్తూ "తల నొప్పిగా ఉందా" అని అడిగాడు. లేదన్నా. బావమరిది పక్కనే ఉన్నాడు మరి.

అసలు తేడా నాలుగో రోజున వస్తుంది. ఎక్కువ రోజులు తీసుకున్నవాళ్లు ఆ రాత్రి కరంగా క్యాంపులో ఆగిపోతారు. మేం బరాంకో గోడ ఎక్కి, కరంగా లోయ దాటి, ఆ రోజే 4,673 మీటర్ల బరాఫు క్యాంపు దాకా పోయాం. కరంగా దాటితే నీళ్లుండవు, పైకి వాడే నీళ్లన్నీ పోర్టర్లు అక్కణ్ణించి మోసుకొచ్చినవే. బరాఫు చేరేసరికి సాయంత్రం నాలుగు. ఏడింటికి పడుకోమన్నారు, శిఖరానికి బయల్దేరాలని పదకొండుకి లేపారు. మధ్యలో నేను చేసిందల్లా డేరా గుడ్డ గాలికి టపటపలాడుతుంటే వింటూ పడుకోవడమే.

మీది కొబ్బరైనా చెరువుల సంగతి తెలిసే ఉంటుంది. తెల్లవారుజామున డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే రొయ్య ఏం చేస్తుంది? మేత వదిలేసి, పైకి తేలి, గట్టు వారకి చేరిపోతుంది. ఆ రాత్రి రెండింటికి నా పరిస్థితి అచ్చం అదే. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమేనట. కానీ శిఖరం మీద గాలి ఒత్తిడి మన దగ్గరున్న దాంట్లో సగం, అంటే పీల్చే ప్రతి ఊపిరిలో సరుకు సగమే. చెరువుకైతే ఏరేటర్ స్విచ్ వేస్తాం. ఒంటికి స్విచ్ లేదు, అదనంగా రెండు రాత్రులు ఇవ్వాల్సిందే. మీరడిగిన నలభై వేలు ఆ రెండు రాత్రులకే.

మూడింటికి రెండు వాంతులు. దాదాపు 5,300 మీటర్ల దగ్గర గైడు ఆపి, ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్లు ఆనించి తిన్నగా నాలుగు అడుగులు వేయమన్నాడు. వరిగట్ల మీద పెరిగినవాణ్ణి, రెండో అడుగుకే తూలాను. ఇక బేరం లేదు. అసిస్టెంట్ గైడు జబ్బ పట్టుకుని దించాడు, బరాఫులో కూడా ఆపకుండా ఇంకా కిందికి తీసుకుపోయాడు. 4,000 మీటర్ల ఎత్తుకి దిగేసరికి తలనొప్పి పోయి ఆకలేసింది. బావమరిది ఉహురు శిఖరం బోర్డు దగ్గర ఫోటో దిగొచ్చాడు. ఆ ఫోటో మా హాల్లోనే ఉంది, పెట్టింది మా ఆవిడ. తమ్ముడు కదా.

ఇంకోటి. ఆ కొండ ఉన్న నేషనల్ పార్కు ఫీజు రోజు లెక్కన ఏ కంపెనీకైనా ఒకటే. కాబట్టి మరీ చౌకగా ఇస్తున్నారంటే పోర్టర్ల కూలిలోనో, తిండిలోనో కోస్తున్నట్టే. పోర్టరుకి 20 కిలోల దాకానే బరువు అని రూలుంది, గేటు దగ్గర తూకం కూడా వేస్తారు. వాళ్ల కూలి, తిండి సరిగా చూసే కంపెనీల జాబితా కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ వాళ్ల దగ్గర ఉంటుంది. అబ్బాయిని అందులో వెతకమనండి. ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్లానండోయ్, పోర్టర్లు కాగితం అనుకుని ఒలిచేయబోయారు.

కాకినాడ_ఫిజీషియన్

బీపీ అదుపులో ఉంటే అదొక్కటే అడ్డంకి కాదు. కానీ 48 ఏళ్లు కాబట్టి ఈసీజీ, ట్రెడ్‌మిల్ టెస్ట్ చేయించుకుని మీ డాక్టరుకి ఎంత ఎత్తుకి వెళ్తున్నారో అంకెతో సహా చెప్పండి. మీ బీపీ మాత్రలో ఒంటి నీరు తీసే మందు ఉందేమో కూడా అడగండి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వాడాలనుకుంటే ఇది ముఖ్యం, అదీ మూత్రం ఎక్కువగా పోయేలా చేస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లు దాని గురించి ముందే చెప్పాలి. అది వేసుకుంటే వేళ్లు తిమ్మిరెక్కడం మామూలే. ఇంటి దగ్గరే రెండు రోజులు వేసుకుని చూడండి, కొండ మీద కొత్త మందు మొదలెట్టకండి.

3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దని మేం చెప్తాం. కిలిమంజారోలో 8 రోజుల్లో కూడా అది పూర్తిగా కుదరదు, 6 రోజుల్లో అయితే మరీ దారుణం. మీ ఏటిగట్టు నడక గుండెకి మంచిదే, ఎత్తుకి మాత్రం పనికిరాదు. పాతికేళ్ల కుర్రాడు పడిపోయి నడివయసాయన ఎక్కేయొచ్చు. కాబట్టి మీ అబ్బాయి మీదా ఓ కన్నేయండి. తూలడం, తికమకగా మాట్లాడటం, కూర్చున్నా ఆయాసం, నురగ దగ్గు, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా దిగిపోవాలి. పైన ఉండి గారి గైడు సరిగ్గా అదే చేశాడు.

రాజమండ్రి_మేడమెట్లు

నేను 52 ఏళ్లకి లెమోషో 8 రోజుల్లో ఎక్కానండి. పొద్దున్న 7 దాటాక ఉహురు చేరాను, మా గుంపులో అందరికన్నా వెనక. ఎక్కడం గురించి అందరూ చెప్తారు, దిగడం గురించి చెప్పరు. శిఖరం నుంచి మ్వేకా క్యాంపు దాకా అదే రోజు దాదాపు 2,800 మీటర్లు దిగాలి. మోకాళ్లు ఏడ్చాయి. చేతికర్రలు రెండూ తప్పనిసరి. బూట్లు అర సైజు పెద్దవి కొనండి, కాలిగోళ్లు కత్తిరించుకోండి. నా బొటనవేలి గోరు ఇంటికొచ్చాక ఊడింది.

ప్రాక్టీసుకి ఏటిగట్టు చాలదు. వారానికి రెండుసార్లు కోరుకొండ నరసింహస్వామి మెట్లు, వీపు మీద 6 కిలోల సంచితో. దిగేటప్పుడు కూడా సంచి తీయకండి.

చలి అంటే సంక్రాంతి చలి కాదు. మంచినీళ్ల సీసా తలకిందులుగా పెట్టుకోవాలి, మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్లుంటాయి. ఫోను లోపలి జేబులో. పల్లీ చిక్కీ పట్టుకెళ్లాను, రాయైపోయింది. ఇన్సూరెన్సు 6,000 మీటర్ల దాకా వర్తిస్తుందో లేదో చదివి కొనండి.

కొబ్బరిమండీ_అంబాజీపేట

అందరికీ ధన్యవాదాలండి. అబ్బాయికి 8 రోజులదే ఖాయం చేయమని చెప్పాను. నిన్న కోరుకొండ వెళ్లాం, మా ఆవిడ నాకన్నా ముందు ఎక్కేసి పైన కూర్చుని నవ్వుతోంది. ఇప్పుడు మూడో టికెట్ ధర అడుగుతోంది. ఉండి గారూ, ఒక్క మాట. ఆవకాయ సీసా చేతి సంచిలో రానిస్తారా?

ఉండి_చెరువుగట్టు

రానివ్వరు. సామాను పెట్టెలో వేయండి, రెండు కవర్లు చుట్టి. మాది నూనె కారి బావమరిది జాకెట్ ఎర్రగా అయింది, ఆ ఫోటోలో కనిపిస్తుంది.